రాణీగారి బొమ్మ, వెనక బొరుసు

ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి వుంటుంది. తపాలా బిళ్ళలు దాచేవారున్నారు. అగ్గిపెట్టెల బొమ్మలు దాచేవారున్నారు. మా వీధిలో ఒకాయన ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళి శుభలేఖలు దాస్తున్నాడు. నా పిచ్చి మరో రకం. ఒకే ఒక్క ఆడమనిషి మొహం ఎన్ని బిళ్ళల మీద కనబడితే అన్ని బిళ్ళలూ పోగుచేయడం నా పని. ఆమె మాకు బంధువు కాదు. మన దేశస్థురాలూ కాదు. మన గడ్డ మీద ఒక్కసారైనా కాలు పెట్టలేదు. ఆమె పేరు విక్టోరియా.

"ఏమండీ, ఆ మహారాణిని బీరువాలో పెట్టి భోజనానికి లేస్తారా, లేక ఆవిడే వచ్చి వడ్డిస్తుందా?" అని మా ఆవిడ అడగని ఆదివారం లేదు.

ఈ పిచ్చి నాకు మా అవ్వ వక్కాకు తిత్తిలో మొదలైంది. కర్నూలు జిల్లాలో మాదొక చిన్న పల్లె. అవ్వ తిత్తిలో ఆకులూ, వక్కలూ, సున్నపు కాయతోపాటు రెండు వెండి రూపాయలు ఎప్పుడూ వుండేవి. వాటిని ఆమె ఖర్చు పెట్టేది కాదు. "రాణెమ్మ రూపాయిలురా" అనేది. ఒకదాని మీద నున్నగా జుట్టు దువ్వి వెనక్కి ముడిచిన పడుచుపిల్ల. రెండోదాని మీద కిరీటం పెట్టుకుని, మెడనిండా నగలు వేసుకున్న నిండైన మనిషి. వాళ్ళు తల్లీ కూతుళ్ళనుకున్నాను. బడిలో అయ్యవారికి చూపిస్తే ఆయన నవ్వి, "ఇద్దరూ ఒకరేరా. మొదటిది 1840 నాటిది. రెండోది 1862 తర్వాతది" అన్నారు. ఒకే మనిషి పెద్దదవుతూ వుండడం లోహం మీద చూడవచ్చునన్న సంగతి ఆనాడు నా బుర్రలో పడింది. ఇప్పటికీ పోలేదు.

విక్టోరియా 1837 జూన్ 20న, పద్ధెనిమిదేళ్ళ వయసులో గద్దెనెక్కింది. 1901 జనవరి 22న పోయింది. అంటే 63 ఏళ్ళ 7 నెలలు. 2015 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి ఆ లెక్క దాటిందాకా బ్రిటన్ చరిత్రలో అంతకాలం ఏలినవారు లేరు. ఇంత పొడుగు పాలనలో ఏది జరిగినా ఒక పతకం కొట్టించారు. పట్టాభిషేకానికొకటి, ప్రదర్శనకొకటి, యుద్ధానికొకటి, ఉత్సవానికొకటి. అందుచేత పోగుచేసేవాడికి పని తక్కువ లేదు. జేబులో డబ్బే తక్కువ.

పతకం వేరు, నాణెం వేరు

చాలామంది పతకాన్ని చూసి "ఇది ఏ కాలపు రూపాయండీ?" అని అడుగుతారు. పతకం చెల్లుబాటయ్యే డబ్బు కాదు. దానితో అంగట్లో ఉప్పు కూడా రాదు. ఒక సంగతిని గుర్తుంచుకోవడానికి మాత్రమే దాన్ని కొడతారు. నాణేలు ఒకదానిమీద ఒకటి దొంతరగా నిలవాలి గనుక వాటి మీద బొమ్మ పల్చగా వుంటుంది. పతకానికి ఆ బాధ లేదు. అందువల్ల ముక్కూ, చెంపా, కొప్పూ ఉబ్బెత్తుగా లేస్తాయి. వేలితో తడిమితే మనిషి తెలుస్తుంది.

శిల్పి ముందుగా మైనంలోనో, సుద్దలోనో పెద్ద నమూనా చేస్తాడు. దాన్ని యంత్రంతో చిన్నది చేసి ఉక్కు అచ్చులోకి దింపుతారు. పాతకాలపువారైతే నేరుగా ఉక్కులోనే చెక్కేవారు. ఆ అచ్చుల నడుమ లోహపు బిళ్ళను పెట్టి మర మీద దెబ్బ వేస్తారు. ఉబ్బెత్తు బొమ్మ ఒక్క దెబ్బకు నిండదు. కొట్టడం, కాల్చి మెత్తబరచడం, మళ్ళీ కొట్టడం. గొప్పవారికి బంగారంలో, తర్వాతివారికి వెండిలో, ఆ పైవారికి కంచులో. బడిపిల్లలకు పంచినవి తగరం కలిసిన తెల్లటి బిళ్ళలు. వాటికి చొక్కాకు తగిలించుకోవడానికి చిన్న చిల్లి కూడా వుంటుంది.

ఇందులో ముందుగా చెప్పవలసిన శిల్పి విలియం వయొన్. 1834లో, విక్టోరియాకు పదిహేనేళ్ళున్నప్పుడు, ఆయన ఆమెను ఎదుట కూర్చోబెట్టుకుని మొహం దింపుకున్నాడు. 1837 నవంబరులో కొత్త రాణి లండన్ నగరాన్ని దర్శించిన సందర్భంగా కొట్టిన పతకం మీద ఆ మొహమే పెట్టాడు. 1840లో ప్రపంచంలోకెల్లా మొదటి తపాలా బిళ్ళ వచ్చినప్పుడు దాని మీదికి కూడా ఆ పతకంలోని బొమ్మే ఎక్కింది. తమాషా ఏమిటంటే, రాణి వితంతువైంది, మనుమలనెత్తింది, చివరకు ఎనభై దాటింది. బ్రిటన్ తపాలా బిళ్ళ మీద మాత్రం ఆమె పోయేదాకా పడుచుపిల్లే.

1838 జూన్ 28న జరిగిన పట్టాభిషేకానికి ప్రభుత్వ పతకం చేసినవాడు బెనెదెత్తో పిస్త్రూచి అనే ఇటలీవాడు. దాని బొరుసున రాణి పీఠం మీద కూర్చుని వుంటుంది. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు అనే ముగ్గురు స్త్రీలు ఆమెకు కిరీటమందిస్తూ వుంటారు. ఈ పిస్త్రూచి ఎంత నిదానస్థుడంటే, వాటర్లూ విజయానికని 1819లో ఒప్పుకున్న పతకపు అచ్చులు 1849లో గాని ముగించలేదు. మా ఊరి కంసాలిని ఇక ముందు ఎవరూ తిట్టకూడదని నేను అనుకున్నది అది చదివినప్పుడే.

నేను చేసిన పొరపాట్లు

ఈ విద్యలో గురువు లేడు. పొరపాట్లే గురువులు. ఒక పెద్ద ఊళ్ళో ఆదివారపు సంతలో ఆ పట్టాభిషేక పతకాన్ని వెండిలో చూసి, బేరం కూడా ఆడకుండా కొన్నాను. ఇంటికి వచ్చి భూతద్దంతో చూస్తే అక్షరాల అంచులు సబ్బుబిళ్ళ మీద పేరులా అరిగి వున్నాయి. ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు. అంచు చుట్టూ ఆకురాయితో రాచిన గీత. కొలిస్తే వుండవలసిన దానికన్నా వెంట్రుకవాసి చిన్నది. అసలు పతకం మీద మట్టి అచ్చు తీసి పోత పోశారన్నమాట. పోసిన లోహం చల్లారినప్పుడు కుంచించుకుపోతుంది గనుక పోత నకలు అసలుకన్నా కొంచెం చిన్నదిగా వస్తుంది. ఆ రోజునుంచి కొలబద్ద లేకుండా సంతకు పోలేదు.

రెండో పొరపాటు మా అమ్మది. కాదు, అమ్మకు చెప్పని నాది. 1897 నాటి కంచు పతకం ఒకటి నా దగ్గర వుండేది. ఆ కాలపు టంకశాలవారు కావాలనే దానికి చక్కటి గోధుమవన్నె పట్టించేవారు. దసరాకు పూజసామాను తోముతూ అమ్మ దాన్ని కూడా చింతపండు పెట్టి తోమేసింది. "చూడు నాయనా, నీ రాణిని ఎట్ల తళతళలాడించినానో!" అని నా చేతిలో పెట్టింది. నూరేళ్ళ వన్నె కుడితితొట్టిలోకి పోయింది. నేను నోరు మెదపలేదు. పాపం, ఆమె చేసింది ప్రేమకొద్దీ గదా.

మీలో ఎవరికైనా పాతపెట్టెల్లో ఇలాంటివి దొరికితే తోమకండి. అంచులు పట్టుకుని ఎత్తండి, మొహం మీద వేలు పెట్టకండి. ప్లాస్టిక్ సంచుల్లో కాక, శుభ్రమైన పొడి కాగితపు కవర్లలో పెట్టండి. ఇంకొక మాట. నూరేళ్ళు దాటిన నాణేలూ, కళావస్తువులూ 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. అమెరికాలోని మనుమడికి కానుకగా పంపుదామనుకుంటే కుదరదు.

చిన్న కిరీటం

1887లో రాణి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండాయి. ఆ స్వర్ణోత్సవపు పెద్ద పతకానికి బొమ్మ జోసఫ్ ఎడ్గర్ బేమ్‌ది, బొరుసు ఫ్రెడరిక్ లేటన్ అనే చిత్రకారుడిది. అదే ఏడు బేమ్ నమూనాతోనే నాణేలు కూడా కొట్టారు. వాటిలో రాణి తల మీద కిరీటం మరీ చిన్నది. ఎప్పుడు జారి పడుతుందో అన్నట్లుంటుంది. లండన్‌లో జనం నవ్వుకున్నారు. 1893లో ఆ బొమ్మ తీసేసి థామస్ బ్రాక్ చేసిన మేలిముసుగు మొహం పెట్టారు. రాణియైనా సరే, చేతిలోకి వచ్చిన బొమ్మను చూసి నవ్వే హక్కు జనానిదే.

ఆ స్వర్ణోత్సవానికి మన దేశంలోనూ కట్టడాలు లేచాయి. బెజవాడలో విక్టోరియా జూబిలీ మ్యూజియానికి పునాది 1887లోనే పడింది. 1921లో అదే ఊళ్ళో కాంగ్రెసు మహాసభ సంఘం సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా అందించారు. అది ఈ భవనం ఆవరణలోనేనని ఊరివారు చెప్పుకుంటారు. ఇప్పుడా భవనం పేరు బాపు మ్యూజియం. కట్టడానికి కూడా బొమ్మా బొరుసూ వుంటాయి కాబోలు.

త్రాసులో మహారాణి

ఇక నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతికి వస్తాను.

1988 వేసవి. కర్నూలులో ఒక వెండి దుకాణంలో కూర్చుని వున్నాను. పల్లెనుంచి ఒక ముసలమ్మ వచ్చి, కొంగుముడి విప్పి, అరచేయంత వెండిబిళ్ళ బల్ల మీద పెట్టింది. చూడగానే నా గుండె ఆగినంత పనైంది. కిరీటం, దాని మీంచి మేలిముసుగు, పక్కనే 1877 జనవరి 1 అన్న తేదీ. విక్టోరియా భారత చక్రవర్తిని అయినట్లు ఢిల్లీ దర్బారులో ప్రకటించిన రోజున పంచిన పతకం! సంస్థానాధీశులకు బంగారంలో ఇచ్చారు, ఎంచుకున్న అధికారులకూ పెద్దమనుషులకూ వెండిలో. ఆ దర్బారుకు పదేళ్ళ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కూడా సాలార్‌జంగ్ వెంట వెళ్ళాడు. అలాంటి పతకం నా ఎదుట త్రాసులో పడింది.

"కరిగిస్తే ఎంతొస్తాది నాయనా? మనవరాలి పెండ్లి వుండాది" అన్నది ముసలమ్మ.

దుకాణదారు తూకం వేసి ధర చెప్పాడు. నేను "కరిగించవద్దు, ఆ ధర నేనిస్తాను" అన్నాను. ఇచ్చాను. దాని అసలు విలువ అంతకు ఎన్నో రెట్లని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. బస్సులో ఇంటికి వస్తూ నాలుగైదుసార్లు జేబు తడుముకున్నాను. ఆ రాత్రి ఎంత సంతోషంగా నిద్రపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ప్రతి పతకం గురించీ చదవడం నా అలవాటు. 1877 గురించి చదవడం మొదలుపెట్టాను. తెలుగులో తొలి నవలల్లో ఒకటైన 'శ్రీరంగరాజ చరిత్ర' రాసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టిగారే 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ కూడా రాశారు. దాన్ని తెచ్చుకున్నాను. మరికొన్ని పుస్తకాలు కూడా చూశాను. చదివేకొద్దీ మా అవ్వ మాట జ్ఞాపకం వచ్చింది.

1876-77 మన లెక్కలో ధాత నామ సంవత్సరం. రాయలసీమలో ఆ ఏటి కరువుకు ధాత కరువనే పేరు. అవ్వ తన అత్తగారి నోట విన్న ముక్కలు మాకు చెప్పేది. అప్పుడు ఆ అత్తకు ఎనిమిదేళ్ళు. నాగజెముడు పండ్లు ముళ్ళు దులిపి తినేవారట. రోడ్డు కోసం కంకర కొడితే గింజలిస్తారని పోయిన ఇద్దరు అన్నలు తిరిగి రాలేదట. మేము పిల్లలం కథ విన్నట్లు విని, అవ్వ ఒళ్ళోనే నిద్రపోయేవాళ్ళం.

పుస్తకాల్లో అదే కథకు అంకెలున్నాయి. ఢిల్లీలో దర్బారు జరిగిన జనవరిలోనే మద్రాసు రాజధానిలో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మాడిపోతున్నాయి. దర్బారు ముగిసిన వెంటనే కరువు ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపారు. రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని ఆయన తేల్చాడు. పౌనంటే మన 39 తులాలు. ఆడవారికీ పిల్లలకూ అంతకన్నా తక్కువ. ఈ తిండితో మనిషి పనిచేయలేడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ ఎదురు చెప్పాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు గాని అప్పటికే ఎందరో పోయారు. 1876-78 కరువులో పోయినవారు 50 లక్షలకు పైనేనని అంచనా.

పతకాన్ని తీసి మళ్ళీ చూశాను. బొరుసున 'హిందూదేశ చక్రవర్తిని' అన్న అర్థంలో మూడు లిపుల్లో అక్షరాలున్నాయి. ఇంగ్లీషు, పారసీ, నాగరి. ఇన్నాళ్ళూ బొమ్మ చూసి మురిశాను. బొరుసు చూశాను గాని చదవలేదు. తేదీ చూశాను గాని, ఆ తేదీన మా ఇంటి మనుషులు ఎక్కడున్నారో తలచుకోలేదు. తూకంలో టెంపుల్‌గారు ఒక రకంగా తేల్చితే, దుకాణంలో నేను మరో రకంగా తేల్చాను. అవతలిమనిషి అవసరం ఇద్దరికీ తెలుసు.

మరునాడు దుకాణానికి పోయి ముసలమ్మ ఊరు కనుక్కున్నాను. నా ఎరుకలోని ఒక పెద్దమనిషి చేత పతకానికి ధర కట్టించుకుని, తేడా సొమ్ము కూడగట్టడానికి ఇరవై రోజులు పట్టింది. అప్పు కూడా చేశాను. బస్సు దిగి మూడు మైళ్ళు నడిచి వాళ్ళ ఇంటికి చేరితే, ఆమె అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తూ వుంది. నన్ను గుర్తుపట్టి, "బిళ్ళ దొంగవెండి అయిందా నాయనా? లెక్క ఎనక్కి ఇమ్మంటావా?" అని కంగారుపడింది.

"లేదమ్మా, నేనే తక్కువిచ్చినాను" అని సొమ్ము ఆమె ముందు పెట్టాను. కావాలంటే పతకమే తిరిగి ఇస్తానన్నాను.

ఆమె సొమ్ము వైపు చూడలేదు. పతకం చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పింది. తన మామగారి తాత కచ్చేరీలో పనిచేశాడట. ఆ బిళ్ళ ఇంట్లో ఎప్పుడూ వున్నదేగాని ఎందుకిచ్చారో ఎవరికీ తెలియదట. "ఈ రాతలో ఏముండాది?" అని అడిగింది. చదివి చెప్పాను.

"మన తెలుగులో యాడుంది?"

"తెలుగులో లేదమ్మా."

"అట్లనా. అయితే మాకు రాసింది కాదు గదా ఇది" అని పతకం నా చేతిలో పెట్టేసి, సొమ్ము లెక్కపెట్టుకుని కొంగున ముడివేసుకుంది. తర్వాత నాకు చెనక్కాయలూ బెల్లమూ పెట్టింది. పెళ్ళికి రమ్మన్నది. వెళ్ళాను కూడా.

చీటీలు

ఆ వారమే పాత నోటుపుస్తకం చించి చీటీలు చేశాను. ప్రతి పతకం కవరులో ఒక చీటీ. ఒక పక్క శిల్పి పేరు, లోహం, కొలత. రెండో పక్క ఆ ఏడు మన దేశంలో ఏం జరిగిందో నాలుగు మాటలు.

నా దగ్గరున్న వాటిలో కడపటిది 1897 నాటి వజ్రోత్సవ పతకం. అమ్మ తోమినదే. అందరికీ ముందుగా చూపించేది కూడా అదే. బొమ్మ వైపు బ్రాక్ చేసిన ముసుగు ముసలమ్మ, 78 ఏళ్ళు. తిప్పితే వయొన్ చేసిన పడుచుపిల్ల, పక్కన 1837 అన్న అంకె. దీర్ఘాయువూ, వైభవమూ ఆమె చేతుల్లో వున్నాయన్న అర్థం వచ్చే లాటిన్ మాట చుట్టూ చెక్కారు. అది బైబిలులోని సామెతల గ్రంథంనుంచి తీసుకున్నది. అరవై ఏళ్ళ జీవితం ఒక బిళ్ళ మందంలో ఇమిడింది. ఇంత అందమైన ఆలోచన మరే పతకంలోనూ నాకు కనబడలేదు. ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. శిల్పి చేతిపని శిల్పిదే.

దాని చీటీ వెనక ఇలా వుంటుంది: "దేశంలో చాలాచోట్ల కరువు. బొంబాయి, పూనాల్లో ప్లేగు. జూన్ 22 రాత్రి పూనా గవర్నమెంటు హౌసులో వజ్రోత్సవపు విందునుంచి తిరిగి వస్తున్న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు."

ఇప్పుడు మా మనుమడికి పన్నెండేళ్ళు. సెలవులకు వస్తే పెట్టె తీయమంటాడు. వాడు మొదట పతకం చూడడు. కవరులో వేలు పెట్టి చీటీ లాగి చదువుతాడు. తర్వాత పతకం తిప్పి బొరుసు చూస్తాడు. చిట్టచివరకు గాని రాణి మొహం దగ్గరికి రాడు.

పెట్టెలో అన్నిటికన్నా అడుగున అవ్వ రూపాయలు రెండూ వున్నాయి. అవి పతకాలు కావు, వాటి వెల కూడా ఏమంత లేదు. మొన్న వాడు వాటి కవరు తెరిచి, "తాతా, వీటికి చీటీ లేదేమి?" అని అడిగాడు.

"వక్కాకు తిత్తి" అని రాసి ఇచ్చాను.